మూత్రాశయం మాత్రలు, మన జిల్లా ఎండలు

సంపాదకుల వారికి,

నమస్కారములు. మూత్రం ఆపుకోలేని సమస్యపై మీ ఆరోగ్య పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఆడవాళ్లు బయటికి చెప్పుకోలేక, మగవాళ్లు వయసు మీదికి నెట్టేసి ఏళ్ల తరబడి ఓర్చుకునే ఇబ్బందికి పత్రికలో అంత చోటు ఇవ్వడం సంతోషించదగ్గ విషయమే. అయితే వ్యాసం చివరికి వచ్చేసరికి రోజుకొక మాత్ర వేసుకుంటే బాధ తీరిపోతుందన్న అభిప్రాయం పాఠకుడికి మిగిలింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరై, ఇప్పుడు అనంతపురం సాయినగర్‌లో బంధువుల మందుల షాపులో సాయంత్రం పూట కూర్చుంటున్న నాకు ఆ మాత్రల చీటీలు తరచుగా కనిపిస్తాయి, వాటిని వేసుకున్నాక ఏమైందో చెప్పేవాళ్లూ కనిపిస్తారు. ఈ మందులు పనికొచ్చేవే, అందులో నాకు సందేహం లేదు. కానీ మన జిల్లాలో, అందులోనూ మార్చి నుంచి జూన్ దాకా, వీటిని రాసేముందు అడగవలసినవి, చేతికిచ్చేటప్పుడు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. అవి ఎవరూ అడగడం లేదు, ఎవరూ చెప్పడం లేదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

ఇంటర్నేషనల్ కాంటినెన్స్ సొసైటీ 2002లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఉన్నట్టుండి వాయిదా వేయలేనంత తొందరగా మూత్రానికి వెళ్లాలనిపించడం అతిచురుకు మూత్రాశయం (ఓవర్‌యాక్టివ్ బ్లాడర్) అనే ఈ సమస్యకు ప్రధాన లక్షణం. దానికి తోడు సాధారణంగా పగలు మాటిమాటికీ వెళ్లవలసి రావడం, రాత్రి నిద్రలోంచి లేవవలసి రావడం ఉంటాయి. కొందరికి మరుగుదొడ్డి చేరేలోగానే బట్టలు తడుస్తాయి, కొందరికి తడవవు. మూత్రంలో ఇన్ఫెక్షన్ గానీ, వేరే స్పష్టమైన కారణం గానీ లేదని తేలాకే దీనికి ఆ పేరు పెట్టాలి. ఈ చివరి మాటను వ్యాసం తేలికగా దాటేసింది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మూత్రాశయం గోడలో డెట్రూసర్ అనే కండరం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు నిండేదాకా వదులుగా సాగుతూ, మనం మూత్రానికి కూర్చున్నప్పుడే బిగుసుకుంటుంది. నరాల చివర్లలో విడుదలయ్యే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఆ కండరంలోని ఎం3 గ్రాహకాలను తాకడంతో ఆ బిగింపు మొదలవుతుంది. అతిచురుకు మూత్రాశయంలో నిండకముందే, అడగకుండానే ఇది జరుగుతూ ఉంటుంది. అమెరికాలో 1975లో అనుమతి పొందిన ఆక్సీబ్యుటినిన్, 1998 నాటి టోల్టెరోడిన్, 2004లో వచ్చిన సోలిఫెనాసిన్, డారిఫెనాసిన్ – ఇవన్నీ ఆ గ్రాహకాలకు అడ్డుపడి కండరాన్ని శాంతింపజేసే యాంటీమస్కారినిక్ మందులు. చిక్కేమిటంటే అదే రకం గ్రాహకాలు లాలాజల గ్రంథుల్లో, పేగుల్లో, కంటిలో, చెమట గ్రంథుల్లో కూడా ఉన్నాయి; అదే కుటుంబానికి చెందిన ఎం1 గ్రాహకాలు మెదడులో ఉన్నాయి. నోటిలో వేసుకున్న మాత్ర తిన్నగా మూత్రాశయానికే వెళ్లదు గదా.

నోరు ఎండడం, మలబద్ధకం గురించి వ్యాసంలో ఒక వాక్యం ఉంది. చెమట గురించి ఒక్క మాటా లేదు. ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోవడానికి మనిషికి ఉన్న ముఖ్యమైన దారి చెమట. ఈ మందులు చెమటను తగ్గిస్తాయి కాబట్టి ఎండవేళ వడదెబ్బ ప్రమాదం పెరుగుతుంది. తయారీదారులు మందుతో పాటు పెట్టే సమాచార పత్రాల్లో ఈ హెచ్చరిక ఉంటుంది, కానీ సన్నని అక్షరాల్లో, నాలుగైదు మడతల లోపల, ఇంగ్లిషులో. చల్లని దేశాల్లో అది అలా ఒక మూలన ఉన్నా పెద్దగా నష్టం లేకపోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై రెండు డిగ్రీలు దాటే అనంతపురంలో, మధ్యాహ్నం దాకా రేకుల ఇంట్లో ఉడికిపోయే ముసలివాళ్లకు, ఉపాధి పనిలో మట్టి తట్టలు మోసే ఆడవాళ్లకు అదే మొట్టమొదట చెప్పవలసిన మాట.

కిందటి వేసవిలో కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి ఒక అవ్వ కోడలితో కలిసి మా షాపుకు వచ్చింది. రెండోసారి మాత్రలు తీసుకోవడానికి వచ్చినట్టు చీటీ చూస్తేనే తెలుస్తోంది. షాపులో మగవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారని కాసేపు పక్కన నిలబడి, వాళ్లు వెళ్లాక దగ్గరికి వచ్చి, "అమ్మా, ఈ బిళ్ల మంచిదే, ఒంటేలుకు పోవడం తగ్గినాది. నోరు మాత్రం ఎండుకుపోతాండాది. ఇంకోటి, చెమట పట్టడమే మానేసినాది, అదీ మంచికే అనుకుంటాండా" అంది. నీళ్లు ఎన్ని తాగుతున్నావు అవ్వా అని అడిగితే, "తాగితే బస్సులో ఆపుకోలేను గదమ్మా, పొద్దున్నుంచి ఒక గలాసు" అంది. మధ్యాహ్నం రెండు గంటల వేళ, మా షాపు ముందున్న సిమెంటు మెట్టు మీద చెయ్యి పెట్టలేని ఎండ. ఆమె చెయ్యి పట్టుకుని చూస్తే వేడిగా, ఎండు కాగితంలా ఉంది. లోపల ఫ్యాను కింద కూర్చోబెట్టి ఓఆర్ఎస్ కలిపి తాగించి, ఆ పూటే మళ్లీ డాక్టరు దగ్గరికి పంపాము. ఆయన ఆ మాత్ర ఆపించి వేరే మందు రాశారు. ఆ అవ్వ తప్పేమీ లేదు. చెమట పట్టకపోవడం ప్రమాదమని ఆమెకు ఎవరు చెప్పారు గనుక?

ఈ సమస్య ఉన్నవాళ్లలో చాలామంది మాత్ర మొదలుపెట్టకముందే నీళ్లు తగ్గించేసి ఉంటారని డాక్టర్లు గుర్తుపెట్టుకోవాలి. వేరుశనగ కలుపుకు వెళ్లిన ఆడవాళ్లకు చాటు ఉండదు, పల్లె నుంచి టౌనుకు వచ్చేటప్పుడు బస్సు మధ్యలో ఆగదు, బస్టాండులో మరుగుదొడ్డి ఎలా ఉంటుందో రాయనక్కర్లేదు. అందుకని పొద్దున్నే గొంతు తడుపుకుని, మళ్లీ ఇల్లు చేరాకే నీళ్లు తాగుతారు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయం గోడను ఇంకా ఎక్కువ రేపుతుంది, తొందర పెరుగుతుంది, కిడ్నీలో రాళ్ల బెడద మామూలుగా ఉండనే ఉంది. అటువంటి మనిషికి చెమట తగ్గించే మాత్ర ఇచ్చి, నోరు ఎండుతోందన్నప్పుడు నీళ్లు ఎక్కువ తాగమని మాత్రం చెప్పి పంపిస్తే, ఆమె ఆ సలహా పాటించదు, పాటించలేదు కూడా. నీళ్లు పొద్దుటి నుంచి కొద్దికొద్దిగా తాగాలి, రాత్రి పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు తగ్గించాలి, కాఫీ, టీలు తగ్గించాలి. ఈ మూడు మాటలూ చీటీ వెనక తెలుగులో రాసిచ్చే డాక్టరు ఒకాయన మా వీధిలో ఉన్నారు. ఆయన రోగులు తిరిగి వచ్చినప్పుడు చేసే ఫిర్యాదులు తక్కువ.

ఇక రెండో సంగతి, మిగతా మాత్రల గురించి. అరవై దాటినవాళ్ల చేతిలో మందుల కవరు ఒకటి ఉండదు, మూడు నాలుగు ఉంటాయి. షుగర్ వల్ల అరికాళ్ల మంటలకు రాత్రి పూట అమిట్రిప్టిలిన్, జలుబు చేస్తే క్లోర్‌ఫెనిరమిన్ కలిసిన మాత్ర, కడుపునొప్పికి డైసైక్లోమిన్ – ఇవన్నీ అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే గుణం ఉన్నవే. ఒక్కొక్కటి వేరువేరు డాక్టర్లు రాసినవి, కొన్ని ఏ డాక్టరూ రాయకుండా ఊళ్లోనే కొనుక్కున్నవి. వాటిమీద సోలిఫెనాసిన్ చేరితే అన్నింటి భారమూ ఒకే మనిషి మీద పడుతుంది. మొదట మలబద్ధకం వస్తుంది, దానికి పొడి రాస్తారు. కళ్లు మసకబారుతున్నాయంటే కంటి డాక్టరు దగ్గరికి పంపుతారు. ప్రోస్టేట్ పెరిగిన పెద్దాయనకైతే ఒక రాత్రి మూత్రం పూర్తిగా బిగుసుకుపోయి ఆసుపత్రిలో ట్యూబు వేయించుకోవలసి వస్తుంది. ఆయన తీసుకునే మందులన్నీ ఒక్కసారి బల్లమీద పరిచి చూసే తీరిక ఎవరికీ లేదు. ఆ పని ఫార్మసిస్టు చేయవచ్చు, చేయాలి కూడా. మా వృత్తివాళ్లు చీటీ చూసి బిల్లు కొట్టే యంత్రాలుగా మారిపోయినందుకు నాకు బాధగా ఉంటుంది, కానీ అది వేరే ఉత్తరం.

మతిమరుపు విషయం మరీ ముఖ్యమైనది. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, మతిభ్రంశం (డిమెన్షియా, అంటే ముదిరే మతిమరుపు జబ్బు) నిర్ధారణ అయిన 58,769 మందిని, అది లేని 2,25,574 మందితో పోల్చి, వాళ్లు అంతకుముందు వాడిన మందులను పరిశీలించారు. అందరూ 55 ఏళ్లు దాటినవాళ్లే. రోజూ వాడితే సుమారు మూడేళ్లకు సరిపడే మోతాదు కన్నా ఎక్కువగా మూత్రాశయం యాంటీమస్కారినిక్‌లు తీసుకున్నవారిలో మతిభ్రంశం వచ్చే అవకాశం సుమారు 65 శాతం ఎక్కువగా కనిపించింది. ఇది సంబంధాన్ని మాత్రమే చూపింది, మందే కారణమని రుజువు చేయలేదు. ఆ పరిశోధకులే ఆ మాట అన్నారు. కాబట్టి ఎవరూ భయపడి మాత్రలు ఉన్నపళాన మానేయనక్కర్లేదు. కానీ డెబ్బై ఏళ్ల మనిషికి ఈ మాత్ర మొదలుపెట్టి, ఎప్పుడు ఆపాలో చెప్పకుండా, అదే చీటీ మీద మూడేళ్లు, నాలుగేళ్లు కొంటూ పోవడం సరికాదని చెప్పడానికి ఆ అంకెలు చాలు. నా అనుభవంలో ఇంట్లోవాళ్లు "నాన్నకు ఈ మధ్య మాట తడబడుతోంది, పేర్లు మర్చిపోతున్నాడు" అంటారు గానీ, దాన్ని ఈ చిన్న మాత్రతో కలిపి ఆలోచించరు. మతిమరుపుకు డోనెపెజిల్ వాడుతూ, దానివల్ల మూత్రం ఎక్కువైందని ఆక్సీబ్యుటినిన్ రాసిన చీటీ కూడా నేను చూశాను. ఒకటి అసిటైల్‌కోలిన్‌ను పెంచేది, రెండోది దాన్ని అడ్డుకునేది. రెండూ ఒకే డబ్బాలో, ఒకే మనిషికి.

మిరాబెగ్రాన్ వచ్చాక పరిస్థితి కొంత మెరుగుపడింది. జపాన్‌లో 2011లో, అమెరికాలో 2012లో అనుమతి పొందిన ఈ మందు వేరే దారిలో పనిచేస్తుంది. అది డెట్రూసర్ కండరంలోని బీటా-3 గ్రాహకాలను ప్రేరేపించి, మూత్రం నిండే సమయంలో కండరాన్ని వదులు చేస్తుంది. నోరు ఎండడం, మలబద్ధకం, చెమట తగ్గడం, మెదడు మందగించడం దీనితో పెద్దగా ఉండవు కాబట్టి ముసలివాళ్లకు, మన ఎండలకు ఇదే మేలైనదని నా అభిప్రాయం. అదే వర్గానికి చెందిన విబెగ్రాన్ 2018లో జపాన్‌లో, 2020లో అమెరికాలో అనుమతి పొందింది. అయితే మిరాబెగ్రాన్‌తో రక్తపోటు కొద్దిగా పెరగవచ్చు. బీపీ 180/110 దాటి అదుపులో లేనివాళ్లకు దాన్ని ఇవ్వకూడదు. మిగతావాళ్లకు మొదలుపెట్టేముందు, ఆ తర్వాత మధ్యమధ్య బీపీ చూడాలి. గుండెకు వాడే మెటోప్రొలాల్ మోతాదు రక్తంలో పెరిగేలా చేస్తుంది కాబట్టి ఆ మాత్ర వాడుతున్నవాళ్లు డాక్టరుకు తప్పక చెప్పాలి. గుండెకే వాడే డిగాక్సిన్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇవన్నీ తెలిసిన సంగతులే, తెలియనివి కావు. మరి చీటీ రాసే గదిలో బీపీ మిషను బల్ల మీదే ఉన్నా దాన్ని వాడకుండా ఎందుకు రాస్తారన్నది నాకు అర్థం కాదు.

ధర మాటకొస్తే, నెల తిరిగేసరికి ఈ మాత్రలకు వందల్లో ఖర్చవుతుంది. కూలి మీద బతికే ఇంట్లో ముసలమ్మ మూత్రం మాత్రకు ఆ డబ్బు పెట్టడం తేలిక కాదు. అందుకని వాళ్లు చేసే పని, మాత్రను బ్లేడుతో సగానికి కోయడం. కొంగు ముడిలో కట్టుకొచ్చిన సగం ముక్కలు విప్పి చూపించి "ఇవి అయిపోయినాయి, ఇంకో పది ఇయ్యమ్మా" అన్నవాళ్లు ఉన్నారు. మిరాబెగ్రాన్ మాత్ర మందును రోజంతా కొద్దికొద్దిగా విడుదల చేసేలా తయారవుతుంది. టోల్టెరోడిన్, ఆక్సీబ్యుటినిన్‌లలోనూ అటువంటి రకాలు ఉన్నాయి. వాటిని కోసినా, నమిలినా, పొడి చేసినా ఆ ఏర్పాటు చెడిపోయి, కొన్నిటిలో రోజంతటికీ ఉండవలసిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. యాభై మిల్లీగ్రాముల మాత్ర కొని సగం చేస్తే ఇరవై ఐదు అవుతుందన్న లెక్క వీటికి వర్తించదు. ఇరవై ఐదు విడిగానే దొరుకుతుంది. ఖర్చు భారమైతే ఆ మాట డాక్టరుకు చెప్పి చవక రకం రాయించుకోవచ్చు, జనౌషధి కేంద్రంలో అడిగి చూడవచ్చు. బ్లేడు మాత్రం పట్టకూడదు.

ఇంకో కారణం వల్ల కూడా డబ్బు దండగవుతోంది. ఈ మందులు తలనొప్పి మాత్రలా గంటలో పనిచేయవు. పూర్తి ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ ఫలితం కూడా అద్భుతమేమీ కాదు. రోజుకు పదకొండు పన్నెండుసార్లు వెళ్లేవాళ్లకు ఒకటి రెండుసార్లు తగ్గుతుంది, తొందర కొంత తగ్గుతుంది, బట్టలు తడవడం తగ్గుతుంది. ఇది ముందే చెప్పకపోతే పది రోజులు వాడి "ఇది పనిచేయడం లేదు" అని మానేసి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తారు, ఆయన ఇంకో కంపెనీ పేరుతో అదే మందు రాస్తారు. ప్రపంచమంతటా ఈ మందులు మొదలుపెట్టినవాళ్లలో సగానికి పైగా ఏడాదిలోపే మానేస్తారు. మన దగ్గర అంతకన్నా ముందే మానేస్తారని నా ఊహ. మూత్రాశయానికి ఆగడం నేర్పే అభ్యాసం మాత్రతో కలిపి చేస్తేనే మేలు నిలబడుతుంది. తొందర వచ్చినప్పుడు పరుగెత్తకుండా కూర్చుని, కటి కండరాలను (మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగించేవి) నాలుగైదుసార్లు బిగించి వదిలి, తొందర అలలా తగ్గాక నెమ్మదిగా వెళ్లడం, వెళ్లే వ్యవధిని వారం వారం పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవడం అందులో భాగం. ఈ కటి కండరాల వ్యాయామాన్ని అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే వివరించారు. ఖర్చు లేదు, ఎండలోనూ ప్రమాదం లేదు. దీన్ని నేర్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఓపీలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలే దొరుకుతాయన్నది నిజమే గానీ, ఆ పది నిమిషాలు డాక్టరే ఇవ్వాలని లేదు. శిక్షణ పొందిన నర్సు ఇవ్వవచ్చు.

వేరే కారణం లేదని తేల్చుకోవడం గురించి మళ్లీ వస్తానన్నాను. మన దగ్గర మాటిమాటికీ మూత్రం అంటే మొదట చూడవలసింది షుగర్. రక్తంలో చక్కెర అదుపు తప్పితే మూత్రం పరిమాణమే పెరుగుతుంది. అది మూత్రాశయం తప్పు కాదు. 2020లో పేటెంటు గడువు తీరి చవకైన డాపాగ్లిఫ్లోజిన్ ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి రాస్తున్నారు. అది చక్కెరను మూత్రంలోంచి పంపించేసే మందు కాబట్టి మూత్రం ఎక్కువ రావడం దాని స్వభావం. అది తెలియకుండా పైన మూత్రాశయం మాత్ర రాస్తే రెండూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. బీపీకి రాసే మాత్రలో మూత్రం పోయించే మందు కలిసి ఉంటే దాన్ని రాత్రి కాకుండా పొద్దున వేసుకోమంటే చాలు, సగం రాత్రుల నిద్ర తిరిగి వస్తుంది. బీపీకే వాడే ఆమ్లోడిపిన్ వల్ల సాయంత్రానికి కాళ్లు వాచినవాళ్లకు పడుకున్నాక ఆ నీరంతా రాత్రి మూత్రంగా దిగుతుంది. మగవాళ్లకు ప్రోస్టేట్, ఆడవాళ్లకు గర్భసంచి జారడం, ముట్లుడిగాక యోని పొడిబారడం చూడాలి. పొడిబారడానికి ఈస్ట్రోజన్ క్రీము ఉంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బిందె ఎత్తినప్పుడు మాత్రమే మూత్రం జారేవాళ్లది వేరే సమస్య, దానికి ఈ మాత్రలు పనిచేయవు. మూత్రంలో రక్తం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. మూత్రంలో చీము కణాలున్నా కల్చర్‌లో క్రిమి పెరగకపోతే మన దేశంలో క్షయ గురించి ఆలోచించాలి. క్షయ సోకిన మూత్రాశయం ముడుచుకుపోయి చిన్నదవుతుంది, దానికి ఆరు నెలల క్షయ చికిత్స కావాలి గానీ సోలిఫెనాసిన్ కాదు.

ఇంత పరీక్ష ఏ పల్లెలో ఎవరికి సాధ్యమని అడగవచ్చు. మూత్రం పరీక్ష, షుగర్ పరీక్ష, బీపీ, మూత్రం పోశాక ఎంత మిగిలిందో చూసే స్కానింగ్ – వీటిలో మొదటి మూడూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే జరుగుతాయి. నాలుగోది ముఖ్యంగా మగవాళ్లకు అవసరం. మూత్రం సరిగా ఖాళీ కాకుండా మిగిలిపోయేవాళ్లకు యాంటీమస్కారినిక్ ఇస్తే పూర్తిగా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. అన్నిటికన్నా చవకైనది మూడు రోజుల లెక్క. ఒక పాత ప్లాస్టిక్ కొలత మగ్గు, ఒక కాగితం ఉంటే చాలు. ఎప్పుడు వెళ్లారు, ఎంత పోశారు, ఎంత తాగారు, ఎప్పుడు ఆపుకోలేకపోయారు అన్నవి రాసుకోవాలి. చదువు రాని అవ్వకు మనవరాలు రాసిపెడుతుంది. ఆ కాగితం చూస్తే ఒకసారికి నూరు మిల్లీలీటర్లు మాటిమాటికీ పోస్తున్నారో, రోజంతా కలిపి మూడు లీటర్లు పోస్తున్నారో డాక్టరుకు నిమిషంలో తెలుస్తుంది. మొదటిది మూత్రాశయం సమస్య, రెండోది షుగరో, నీళ్లు అతిగా తాగడమో. ఈ లెక్క లేకుండా రాసిన మాత్ర చాలాసార్లు గురి తప్పుతుంది.

మాత్రలు పనిచేయనివాళ్లకు మూత్రాశయం గోడలో బొటాక్స్ సూది ఉంది. అమెరికాలో 2013లో ఈ సమస్యకు నూరు యూనిట్ల మోతాదుకు అనుమతి లభించింది. ఆరు నుంచి తొమ్మిది నెలలు పనిచేస్తుంది, కొందరికి కొన్నాళ్లు ట్యూబు వాడవలసి రావచ్చు. కాలి మడమ దగ్గరి నరానికి విద్యుత్ ప్రేరణ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. కానీ అవి యూరాలజిస్టు చేతిలో జరగవలసినవి. వాటి కోసం బెంగళూరు బయల్దేరే ముందు మొదటి మెట్టు సరిగా ఎక్కామా అని చూసుకోవడం మేలు.

జిల్లా వైద్యాధికారులను ఒక్క విషయం కోరుతున్నాను. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూస్తున్నారు. వేసవి ముందు వడదెబ్బ జాగ్రత్తలు కూడా చెబుతున్నారు. ఆ సమయంలో మూత్రాశయం మాత్రలు, అరికాళ్ల మంట మాత్రలు, జలుబు మాత్రలు వాడుతున్న ముసలివాళ్లను అడిగి గుర్తించి, చెమట పడుతోందా, నీళ్లు ఎన్ని తాగుతున్నారని అడగడం ఆ జాబితాలో చేర్చవచ్చు. చెమట తగ్గినా, ఒళ్లు వేడెక్కినా, తల తిరిగినా, మాట తడబడినా వెంటనే నీడకు చేర్చి, 108కు ఫోన్ చేయమని చెప్పవచ్చు. అలాగే ప్రభుత్వ ఆసుపత్రుల ఓపీలో ఈ మందులు అందుబాటులో ఉంచడం గురించి ఆలోచించాలి. ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు ఉపయోగపడుతుంది. నెలనెలా కొనుక్కునే ఇటువంటి మాత్రల భారం ఇంటి మీదే పడుతోంది.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. ఆ వ్యాసానికి కొనసాగింపుగా, ఎండలు ముదరకముందే, ఫిబ్రవరి నెలాఖరులోగా, చెమటను తగ్గించే మందుల పేర్లను తెలుగులో, పెద్ద అక్షరాల్లో మీ ఆరోగ్య పేజీలో ప్రచురించండి. ఆక్సీబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనాసిన్, డారిఫెనాసిన్‌లతో పాటు అమిట్రిప్టిలిన్, డైసైక్లోమిన్, క్లోర్‌ఫెనిరమిన్ పేర్లు కూడా ఉండాలి. డాక్టరును అడగకుండా ఏదీ మానేయవద్దన్న మాట వాటి పక్కనే ఉండాలి. ఆ పేజీ కత్తిరించి మా షాపు అద్దానికి అంటిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
అనంతపురం